97 డిగ్రీలకే మరిగిన నీళ్లు

బసవనగుడి, బెంగళూరు
జూలై

అమ్మాయీ,

నిన్న ఫోన్లో నీ గొంతు వింటే నవ్వొచ్చింది. మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారాలు మూడు నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకి సైన్స్ చెప్తానని ఒప్పుకున్నదీ నువ్వే, ఇప్పుడు టెన్షన్ పడుతున్నదీ నువ్వే. "పెద్దమ్మా, కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని, ఇవన్నీ ఎప్పుడో మర్చిపోయాను" అన్నావు. మర్చిపోతే మరీ మంచిది. అన్నీ గుర్తున్న వాళ్లు గబగబా చెప్పేస్తారు. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని కాగితం మీద పెడుతున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. పెళ్లయి నెల్లూరు నుంచి ఈ ఊరొచ్చి బడిలో చేరిన కొత్తలో, అయిదో తరగతికి నీళ్లు మరగబెట్టి చూపించాను. నీళ్లు కుతకుతమంటున్నాయి, థర్మామీటర్ మాత్రం 97 దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు మంట పెట్టినా కదలదు. పుస్తకంలో 100 అని ఉంది. థర్మామీటర్ పాడైందనుకుని, పిల్లలందరి చేతా 100 అని రాయించాను. వెనక బెంచీ పిల్లాడొకడు "మరి అక్కడ 97 ఉంది కదా మిస్" అన్నాడు. వాణ్ణి కూర్చోమన్నాను.

థర్మామీటర్ బాగానే ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారుగా ప్రతి 300 మీటర్లకి ఒక డిగ్రీ తగ్గుతుందనుకో. ఇక్కడికొచ్చాక కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకబెడితే ఎంతకీ మెత్తబడట్లేదని మా అత్తగారు పప్పునే తిట్టేవారు. ఇంట్లో రోజూ చూస్తున్నది బడిలో నాకు తట్టలేదు. ఆ పిల్లాడు చూసింది నిజం, నేను రాయించింది అబద్ధం. అందుకే నీకు మొదటి మాట ఇది: పిల్లలు కళ్లతో చూసిందే నోట్‌బుక్కులో రాయించు. పుస్తకంతో కలవకపోతే ఎందుకు కలవలేదని అందరూ కలిసి వెతకండి. (ఇది చెయ్యాలంటే లాబ్ థర్మామీటర్ కొను, జ్వరం చూసేది కాదు. పొయ్యి దగ్గర నువ్వే ఉండు.)

రెండో మాట: పేర్లు చివర్న చెప్పు. ద్రవీభవనం (కరగడం), సాంద్రీకరణం (ఆవిరి చల్లబడి నీళ్లవడం) అని బోర్డు మీద రాసి మొదలుపెట్టావా, సగం మంది అక్కడే కిటికీలోంచి బయటికి చూస్తారు. సాంద్రీకరణానికి నేనేం చేసేదాన్నో చెప్తాను. స్టీలు గ్లాసులో ఐసు ముక్కలేసి నీళ్లు పోసి బల్ల మీద పెట్టు. పది నిమిషాలకి బయట చుక్కలు పడతాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయని అడుగు. "గ్లాసు కారుతోంది" అని ఒకరు, "గ్లాసుకి చెమట పట్టింది" అని ఇంకొకరు అంటారు. నవ్వకు, కాదనకు. "సరే, లోపలి నీళ్లే బయటికొస్తే రంగు కూడా రావాలి కదా" అని, రెండో గ్లాసులో బీట్‌రూట్ రసం కలిపిన నీళ్లు పోసి ఐసు వెయ్యి. తెల్ల రుమాలుతో బయట తుడిపించు. రుమాలు తెల్లగానే ఉంటుంది! ఆ క్షణంలో గదిలో ఒక నిశ్శబ్దం వస్తుంది చూడు, అప్పుడు నోరెత్తకు. కాసేపటికి వాళ్లలోనే ఎవరో ఒకరు "గాల్లోంచి వచ్చాయా?" అంటారు. పేరు అప్పుడు చెప్పు, ఇక మర్చిపోరు. ఇది ఇప్పుడు, వానాకాలంలోనే చేసెయ్యి. ఫిబ్రవరి, మార్చిలో ఇక్కడ గాలి పొడిగా ఉండి చుక్కలు సరిగ్గా పట్టవు, నీ పరువు పోతుంది.

మధ్యాహ్నం పన్నెండుకి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ పడదు అని పెద్దవాళ్లూ అంటుంటారు. నీళ్ల సీసా ఒకటి ఎండలో నిలబెట్టి, అరగంటకోసారి నీడ చివర చాక్‌పీస్‌తో గుర్తు పెట్టించు. అన్నిటికన్నా పొట్టి నీడ మన ఊళ్లో సరిగ్గా పన్నెండుకి రాదు, పన్నెండుంపావు దాటాక వస్తుంది. అప్పుడు కూడా నీడ ఉంటుంది, పైగా ఈ నెలలో దక్షిణం వైపు పడుతుంది. ఎందుకంటే సూర్యుడు ఇప్పుడు మనకి కాస్త ఉత్తరంగా ఉన్నాడు. బెంగళూరులో నీడ పూర్తిగా కాళ్ల కిందికి వెళ్లిపోయేది ఏడాదికి రెండు రోజులే, ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి. ఆగస్టులో మబ్బు పడితే మళ్లీ ఏప్రిల్ దాకా ఆగాల్సిందే. ఏప్రిల్‌లో నెల్లూరులో ఇది నాలుగైదు రోజులు ఆలస్యంగా వస్తుంది, మీ పిన్ని పిల్లల్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టు. ఢిల్లీలో అసలే రాదు. ఎందుకో గ్లోబు ఇచ్చి వాళ్లనే వెతకమను.

గ్రహాల పటం మాత్రం గోడకి తగిలించకు. అందులో అన్నీ పక్కపక్కన పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టుంటాయి. దాని బదులు ఫుట్‌బాల్‌ని సూర్యుడనుకుంటే భూమి ఒక ఆవగింజ. ఆ ఆవగింజని ఫుట్‌బాల్‌కి 23 మీటర్ల దూరంలో పెట్టాలి. చంద్రుడు ఒక రవ్వ పలుకు, ఆవగింజకి మూడు వేళ్ల దూరం. నెప్ట్యూన్ కోసం మీ గేటు దాటి దాదాపు 700 మీటర్లు నడవాలి. నడిపించు, కాళ్లు నొప్పి పుట్టాలి. ప్లూటో ఏమైందని ఎవరో తప్పకుండా అడుగుతారు. 2006లో దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారని చెప్పి వదిలెయ్యి, ఆ చర్చకి అంతుండదు.

చంద్రకళలు భూమి నీడ వల్ల వస్తాయని సగం మంది అనుకుంటారు, మీ ఆయన కూడా అనుకుంటాడని నా అనుమానం. అమావాస్య తర్వాత వచ్చే సప్తమి, అష్టమి రోజుల్లో సాయంత్రం ఎండ ఉండగానే సగం చంద్రుణ్ణి చూపించు. సూర్యుడు పడమట, చంద్రుడు నడినెత్తి దగ్గర, ఇద్దరూ కనిపిస్తున్నారు. మన భూమి నీడేమో సూర్యుడికి ఎదురు దిక్కున పడుతుంది. ఇంక చంద్రుడి మీద ఎలా పడుతుంది? ఈ ప్రశ్న అడిగి ఇంటికి పంపించెయ్యి.

ఆహార గొలుసుకి పులి, జింక బొమ్మలు వద్దు. మీ బాల్కనీ కరివేపాకు మొక్క చాలు. దాని మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు ఉంటుంది. కొన్నాళ్లకి పచ్చగా మారుతుంది, పుల్లతో కదిలిస్తే తల వెనక నుంచి కొమ్ముల్లాంటివి చాపి ఘాటు వాసన వదులుతుంది. సీతాకోకచిలుక పిల్ల అది. ఎండ తిని ఆకు, ఆకు తిని పురుగు, పురుగుని తిని పిట్ట. మందు కొట్టనివ్వకు, ఈ ఏడాది కరివేపాకు కొనుక్కో.

మీ వర్తూరు చెరువుకి కూడా తీసుకెళ్లు, ఒడ్డున దూరంగా నిలబడే చూడండి. నురగ, గుర్రపు డెక్క ఎందుకొచ్చాయో అడుగు. మన బట్టల సబ్బు, మురుగు ఎక్కడికి పోతున్నాయో అక్కడ తెలుస్తుంది. ఆ నీళ్లు దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడుకి పోతాయి. మా బసవనగుడిలో పడిన వాన మాత్రం వృషభావతి మీదుగా కావేరి వైపు పోతుంది. ఒకే ఊరి వాన రెండు నదుల పాలన్నమాట. దక్షిణ పినాకినికి అక్క మన నెల్లూరు పెన్న, ఇద్దరి పుట్టిల్లూ నంది కొండల దగ్గరే. ఇది సిలబస్‌లో లేదులే, నాకు చెప్పాలనిపించింది.

లాల్‌బాగ్‌ రాతి గుట్టని ఆఖరికి ఉంచుకో. దాదాపు 300 కోట్ల ఏళ్ల రాయి. దాన్ని నైస్ అంటారు, పేరు వినగానే నవ్వుతారు, నవ్వనీ. తెలుపు, నలుపు చారల మీద వేలు పెట్టి వెళ్లమను. పగుళ్లలో గడ్డి మొలిచిన చోటు వెతకమను, రాయి మట్టి కావడం మొదలయ్యేది అక్కడే.

వెళ్లే రోజు పొద్దున్నే ఫోన్ చెయ్యి. గుట్ట ఎక్కే మోకాళ్లు నాకు లేవు గానీ, కింద బెంచీ మీద కూర్చుని సంచులూ చెప్పులూ కాపలా కాస్తాను. పులిహోర నేనే తెస్తాను, నువ్వు నీళ్లు తెచ్చుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ