విరాళం ఇచ్చినవాళ్లు టైమింగ్ అడగరు

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 43 ఏళ్లు. ఆఫీసులో రోజంతా కుర్చీలోనే పని. కిందటేడు పరుగు మొదలుపెట్టాను. క్యాన్సర్ ఉన్న పిల్లల వైద్యం కోసం 10 కిలోమీటర్ల ఛారిటీ రన్ పెడితే పేరిచ్చి, ఆఫీసులోవాళ్ల దగ్గరా చుట్టాల దగ్గరా విరాళాలు తీసుకున్నాను. రోజూ పొద్దున్నే నాకు చేతనైనంత వేగంగా పరిగెత్తి ప్రాక్టీస్ చేశాను. ఒక్కసారి మాత్రం నెమ్మదిగా 10 కిలోమీటర్లు పూర్తి చేస్తే 80 నిమిషాలు పట్టింది. రేసు రోజు జనంతో పాటు నేనూ ఊపులో వెళ్లిపోయాను. మొదటి రెండు కిలోమీటర్లు 12 నిమిషాల్లో అయిపోయాయి. నాలుగో కిలోమీటరు దగ్గర కుడి డొక్కలో పోటు మొదలైంది. అక్కణ్నుంచి నడిచిందే ఎక్కువ. చివరికి 98 నిమిషాలకు చేరాను. దారిలో నీళ్ల బల్లలు అప్పటికే తీసేస్తున్నారు. డబ్బులిచ్చినవాళ్ల మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది. వచ్చే ఏడాది మళ్లీ పేరివ్వాలా, మానేయాలా? ఇస్తే ఎలా ప్రాక్టీస్ చేయాలి?

జవాబు: తప్పకుండా ఇవ్వండి. ప్రాక్టీస్ సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ సిగ్గు సంగతి మాట్లాడుకుందాం.

ఛారిటీ రన్‌లలో చాలా ఏళ్లుగా నేను చేసే పని ఒకటే. అందరికన్నా వెనక వచ్చేవాళ్ల వెంట ఉండి, వాళ్లు క్షేమంగా ఫినిష్ లైన్ దాటేదాకా తోడు రావడం. కాబట్టి ఆ చివరి గుంపు నాకు బాగా తెలుసు. కీమో మధ్యలో డాక్టర్‌ని అడిగి వచ్చినవాళ్లుంటారు. పోయిన మనిషి ఫొటో టీషర్టు మీద అచ్చు వేయించుకుని వచ్చేవాళ్లుంటారు. జీవితంలో మొదటిసారి బూట్లు కట్టుకుని రోడ్డు మీదికి వచ్చినవాళ్లుంటారు. లైన్ దాటాక వాళ్ల కోసం ఎదురుచూస్తున్న ఇంటివాళ్లు, స్నేహితులు వచ్చి కావలించుకోవడం చూశాను. 'ఎంత టైమ్ పట్టింది?' అని నిలదీసినవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. మీకు డబ్బులిచ్చినవాళ్లు ఇచ్చింది ఆ పిల్లల కోసం. మీరు నోరు తెరిచి అడిగారు కాబట్టి ఇచ్చారు. ఆ అడగడమే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన పని, అది మీరు రేసుకు ముందే చేసేశారు.

టెరీ ఫాక్స్ పేరు మీరు వినే ఉంటారు. కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్‌లో, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పోగుచేయడానికి, కృత్రిమ కాలుతో దేశం ఆ చివర నుంచి ఈ చివరకు పరుగు మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు ఒక మారథాన్ దూరం, అంటే 42 కిలోమీటర్లు. అలా 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాక, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తెలిసి సెప్టెంబరు 1న ఆగిపోవాల్సి వచ్చింది. పరుగు ముగించాలనుకున్న సముద్రతీరం దాకా ఆయన చేరలేదు. కెనడాలో మనిషికొక డాలరు చొప్పున రావాలన్నది ఆయన కోరిక. 1981 ఫిబ్రవరికల్లా నిధి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది, అప్పటి ఆ దేశ జనాభా కూడా ఇంచుమించు అంతే. ఆ జూన్‌లో ఆయన పోయారు, ఇంకా 23 నిండలేదు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి ఆయన పేరు మీద జరుగుతున్న పరుగులో పోటీ ఉండదు, గెలుపు ఓటములు ఉండవు. నడిచేవాళ్లు నడుస్తారు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు వస్తారు. ఛారిటీ రన్ అంటే నా మనసులో ఎప్పుడూ ఉండే కొలత అది.

ఇంకో పని ఈ వారంలోనే చేయండి. విరాళం ఇచ్చిన ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టండి. మొత్తం ఎంత పోగైంది, ఎవరికి చేరింది, మీరు 10 కిలోమీటర్లు పూర్తి చేశారు, థాంక్స్. అంతే చాలు. టైమ్ రాయాల్సిన పని లేదు, దాచాల్సిన పనీ లేదు. చాలామంది డబ్బు తీసుకున్నాక మళ్లీ మాట్లాడరు, ఇచ్చినవాళ్లకు బాధ కలిగించేది అదే.

నీళ్ల బల్లల సంగతి చదివి నాకు కోపమొచ్చింది. నీళ్లు అందరికన్నా ఎక్కువ కావాల్సింది అందరికన్నా ఎక్కువసేపు రోడ్డు మీద ఉండేవాళ్లకే. కటాఫ్ టైమ్, అంటే రేసు పూర్తి చేయడానికి ఇచ్చే గడువు, ప్రకటించాక అది ముగిసేదాకా బల్ల కదలకూడదు. వచ్చే ఏడాది పేరిచ్చే ముందే కటాఫ్ ఎంతో, చివరి మనిషి దాటేదాకా నీళ్లుంటాయో లేదో నిర్వాహకులను అడగండి. అడిగేవాళ్లు లేకే ఇలా జరుగుతుంది.

ఇక పరుగు. మీ ఉత్తరంలోనే లెక్కంతా ఉంది. 80 నిమిషాలంటే కిలోమీటరుకు 8 నిమిషాలు. రేసులో మొదటి రెండూ ఆరేసి నిమిషాల్లో చేశారు. అక్కడ నాలుగు నిమిషాలు కలిసొచ్చినట్టు అనిపించింది, చివరికి 18 నిమిషాలు పోయాయి. స్టార్ట్ లైన్ దగ్గర మైకు, పాటలు, పక్కవాళ్ల ఉత్సాహం ఇవన్నీ కలిసి వేగాన్ని తెలియనివ్వవు. కొత్తవాళ్లలో ఎక్కువమందికి ఇదే జరుగుతుంది.

డొక్కలో పోటు వచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. పరుగుకు ముందు రెండు గంటల లోపల కడుపు నిండా తినడం, తీపి డ్రింకులు తాగడం, వార్మప్ లేకుండా ఒక్కసారిగా వేగం అందుకోవడం. పోటు వస్తే వెంటనే వేగం తగ్గించండి. నొప్పి ఉన్నచోట వేళ్లతో గట్టిగా నొక్కి, కాస్త ముందుకు వంగి, గాలి నిండుగా తీసుకుని నెమ్మదిగా వదలండి. మామూలుగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. పరుగు ఆపినా తగ్గని నొప్పి, లేదా ఛాతీలోకి, భుజంలోకి, దవడలోకి పాకే నొప్పి అయితే అది వేరే విషయం. అప్పుడు పరుగు వదిలేసి మెడికల్ టెంట్‌కి వెళ్లాలి.

ప్రాక్టీస్‌లో మార్చుకోవాల్సింది ఒక్కటే, కానీ అది చాలా పెద్దది. రోజూ వేగంగా పరిగెత్తడం మానేయండి. దూరం పరిగెత్తే వాళ్లలో ప్రపంచ స్థాయి అథ్లెట్లు కూడా వారంలో ఎక్కువ భాగం ఈజీగానే పరిగెత్తుతారు. ఈజీ అంటే ఎంత? పరిగెత్తుతూ పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఈజీ. రెండు మాటలకే ఊపిరి అందకపోతే అది వేగం. వాచీ ఏం చెప్పినా ఈ పరీక్షనే నమ్మండి. ఈజీ పరుగులో గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం పెరుగుతుంది, కండరాల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి, ఒంట్లో ఉన్న కొవ్వును ఇంధనంగా వాడుకోవడం అలవాటవుతుంది. రోజూ శక్తినంతా ఖర్చు పెట్టేస్తే మర్నాటికి కాళ్లు తేరుకోవు. నెల తిరిగేసరికి వేగమూ పెరగదు, దూరమూ పెరగదు.

ఇంకో సంగతి. ఊపిరి, గుండె కొద్ది వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాలను ఎముకకు పట్టి ఉంచే టెండన్లకు నెలలు కావాలి. 'ఆయాసం రావడం లేదు కదా' అని దూరం పెంచుకుంటూ పోయినవాళ్లకే పిక్క ముందు భాగంలో ఎముక వెంబడి నొప్పి పట్టుకుంటుంది. షిన్ స్ప్లింట్స్ అంటారు. ఎముక అంచు పొడుగునా సలుపుతుంటే పరుగు తగ్గించి, కొన్నాళ్లు నడక, సైకిల్‌తో సరిపెట్టుకోవాలి. వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట నొప్పి ఉండి, నడిచినా, రాత్రి పడుకున్నా వదలకపోతే అది ఎముకలో సన్న చీలిక కావచ్చు. డాక్టర్‌కి చూపించకుండా మళ్లీ పరిగెత్తకండి.

మీలాంటి ఉద్యోగస్తులకు వారంలో మూడు పరుగులు చాలు. మంగళవారం అరగంట ఈజీ. గురువారం మళ్లీ అరగంట, చివర్లో ఇరవై సెకన్ల చొప్పున నాలుగుసార్లు చురుగ్గా పరుగు, ప్రతిసారీ మధ్యలో ఊపిరి కుదుటపడేదాకా నడక. మీ వేగం సరదా అంతా అక్కడ తీర్చుకోండి. ఆదివారం లాంగ్ రన్. 5 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి ఒకటి చొప్పున పెంచండి, ప్రతి నాలుగో వారం బాగా తగ్గించండి. మూడు నెలల్లో 10, 11 దాకా వెళ్లొచ్చు. మిగతా రోజుల్లో నడవండి, మెట్లు ఎక్కండి, కావాల్సినంత నిద్రపోండి.

లాంగ్ రన్‌లో నడక కలపడానికి మొహమాటపడకండి. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అలసిపోయాక నడవడం వేరు, మొదటి కిలోమీటరు నుంచే లెక్క ప్రకారం నడవడం వేరు. ఈ పద్ధతికి ప్రచారం తెచ్చిన జెఫ్ గాలోవే 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన మనిషి. పరుగు చేతకానివాళ్ల ఉపాయం అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

రేసుకు ముందు వారం పరుగు సగానికి తగ్గించాలి. ఆ వారంలో కష్టపడి సంపాదించేది ఏమీ ఉండదు. కొత్త బూట్లు, కొత్త సాక్సు, అలవాటు లేని తిండి వద్దు. కాలిగోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. స్టార్ట్‌లో గుంపు వెనక భాగంలో నిలబడండి. బిబ్‌కి, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితానికి, టైమ్ లెక్కించే చిప్ ఉంటే, స్టార్ట్ లైన్ మీద ఆ చిప్‌ను గుర్తించే చాప దాటినప్పటి నుంచే మీ టైమ్ మొదలవుతుంది, వెనక నిలబడితే పోయేదేమీ లేదు. మొదటి రెండు కిలోమీటర్లకు 17 నిమిషాలు తీసుకోండి. అందరూ దాటిపోతుంటారు, పోనివ్వండి. తర్వాత ఆరు కిలోమీటర్లు ఎనిమిదేసి నిమిషాల చొప్పున 48. చివరి రెండూ ఏడున్నర చొప్పున 15. మొత్తం అదే 80. కాకపోతే ఈసారి చివరి రెండు కిలోమీటర్లలో మీరు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వెళ్తారు. ఆ అనుభవం మీకు రావాలని నాకు చాలా కోరికగా ఉంది.

ప్రశ్న: నాకు 66 నిండాయి. రిటైరయ్యాను. ఆసుపత్రికి నిధుల కోసం జరిగే 5 కిలోమీటర్ల పరుగులో పాల్గొనాలని ఉంది. ఈ వయసులో ఎందుకని పిల్లలు టెన్షన్ పడుతున్నారు. వాళ్లకేం చెప్పాలి?

జవాబు: నమస్కారమండీ. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వీలైతే పిల్లల్లో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. బీపీ, షుగర్, గుండె పరీక్షలు అయ్యాక డాక్టర్ చెప్పే మాట మీ మాటకన్నా వాళ్లకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది. ఆ తర్వాత ఫౌజా సింగ్ సంగతి చెప్పండి. 89 ఏళ్ల వయసులో, 2000లో లండన్ మారథాన్ పరిగెత్తారు. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల కోసం పనిచేసే సంస్థకు ఆ పరుగులతో నిధులు సమకూర్చారు. 2011లో టొరంటోలో, నూరేళ్ల వయసులో 42 కిలోమీటర్ల మారథాన్ పూర్తి చేశారు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్‌వాళ్లు ఆ రికార్డు నమోదు చేయలేదు. దానివల్ల ఆయన పరిగెత్తిన దూరం ఏమీ తగ్గలేదు.

మీరు నెల రోజులు రోజూ అరగంట నడవండి. అది తేలిగ్గా అనిపించాక ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక. ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా ఆగిపోండి. 5 కిలోమీటర్లు చురుగ్గా నడిచినా గంటలోపు అయిపోతుంది. ఇలాంటి పరుగుల్లో నడిచేవాళ్లు చాలామంది ఉంటారు, నేనూ వాళ్ల వెనకే ఉంటాను.

ప్రశ్న: నా ఫ్రెండ్ ఛారిటీ రన్‌కి డబ్బు కట్టాడు, ఊరెళ్లాల్సి వచ్చి నన్ను పరిగెత్తమంటున్నాడు. అతని బిబ్‌తో పరిగెత్తితే తప్పా? డబ్బు ఎలాగూ ఛారిటీకే కదా.

జవాబు: వద్దు బాబూ. ఆ నంబరు మీద నమోదైంది అతని పేరు, అతని జబ్బుల వివరాలు, అతని ఇంటి ఫోన్. నువ్వు దారిలో పడిపోతే డాక్టర్లు చూసేది అవే. నీకు పడని మందు ఉండొచ్చు. కబురు మాత్రం అతని ఇంటికి వెళ్తుంది. స్పృహ తప్పిన మనిషి పక్కన కూర్చుని, బిబ్ వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేయాల్సి వచ్చిన అనుభవంతో చెబుతున్నాను. పేరు మార్చడానికి గడువు ఉందేమో అతన్ని నిర్వాహకులకు మెయిల్ పెట్టి కనుక్కోమను. గడువు దాటిపోతే నువ్వు వాలంటీర్‌గా పేరివ్వు. నీళ్ల బల్లల దగ్గర చివరిదాకా నిలబడేవాళ్లు ఎప్పుడూ తక్కువే.