అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్స్‌లో 60-0 లాంటి స్కోర్లు ఎందుకు వస్తాయి?

(ఇది మన సాకర్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడేది.) ముఖ్యంగా మొదటి రౌండ్ జతల వల్లే. టెక్సస్‌లో ఎక్కువగా ఒక్కో డిస్ట్రిక్ట్ (అంటే జిల్లా కాదు, సీజన్‌లో తమలో తాము ఆడుకునే స్కూళ్ల గ్రూపు) నుంచి నాలుగు జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. మొదటి రౌండ్‌లో సాధారణంగా ఒక డిస్ట్రిక్ట్ విజేతకి పక్క డిస్ట్రిక్ట్‌లో నాలుగో స్థానం జట్టు తగులుతుంది. ఇక చెప్పేదేముంది!

మరి ఆపరా? చాలా రాష్ట్రాల్లో ‘రన్నింగ్ క్లాక్’ ఉంది. మామూలుగా పాస్ నేలపాలైతే గడియారం ఆగుతుంది. తేడా బాగా పెరిగాక ఆగదు, ఆట త్వరగా ముగుస్తుంది. ఒహాయోలో రెండో సగంలో 30 పాయింట్ల తేడా వస్తే చాలు.

ఒక్కోసారి అదీ సరిపోదు. 2013లో టెక్సస్‌లోనే, ప్లేఆఫ్ కాని మామూలు సీజన్ మ్యాచ్‌లో అలెడో జట్టు 91-0తో గెలిచింది. రిజర్వ్ కుర్రాళ్లని దింపినా స్కోరు ఆగలేదు. ఓడిన జట్టు పేరెంట్ ఒకరు ఏకంగా ‘బుల్లీయింగ్’ అని ఫిర్యాదు చేశారు. విచారణలో అది నిలబడలేదు. నా దృష్టిలో నిలబడకపోవడమే సబబు: బెంచి మీంచి లేచొచ్చిన పిల్లాడిని పరిగెత్తొద్దని ఎలా అంటాం?