తాళం వదిలితే చాలు, ఇంజను ఆగిపోతోంది

ప్రశ్న: మాది 1978 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కన్వర్టిబుల్, ఎల్-జెట్రానిక్ ఇంజెక్షన్ (ఇంజనుకు పెట్రోలు చిమ్మే బాష్ కంపెనీ పద్ధతి). సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజను అందుకుంటుంది, తాళం వదలగానే ఆగిపోతుంది. పెట్రోలు పంపు మార్చాలంటున్నారు. మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తొందరపడకండి. సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు తిరుగుతోందంటే పంపూ, దాని ఎర్తూ బాగున్నట్టే. ఈ బండిలో పంపు రిలేకి, అంటే పంపుకి కరెంటు కలిపే స్విచ్‌కి, రెండు దారుల్లో ఆజ్ఞ వస్తుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు స్టార్టర్ తీగ నుంచి. తాళం వదిలాక ఎయిర్ ఫ్లో మీటర్‌లోని (ఇంజనులోకి పోయే గాలిని కొలిచేది) చిన్న కాంటాక్ట్ నుంచి. గాలి లోపలికి లాగుతుంటే మీటర్‌లోని రెక్క కదులుతుంది, కాంటాక్ట్ కలుస్తుంది, పంపు తిరుగుతూనే ఉంటుంది. ప్రమాదంలో ఇంజను ఆగితే పెట్రోలు కూడా ఆగిపోవాలని బాష్ వాళ్ళు పెట్టిన ఏర్పాటిది. మీ బండిలో ఈ రెండో దారే చెడి ఉండొచ్చు.

ముందు టెస్ట్ ల్యాంప్‌తో ఒక్కటి చూసుకోండి: తాళం వదిలాక ఇగ్నిషన్ కాయిల్ ప్లస్‌కి కరెంటు నిలుస్తోందా? నిలవకపోతే తప్పు ఇగ్నిషన్ స్విచ్‌ది, పంపుకి సంబంధమే లేదు.

నిలుస్తోంటే ఎయిర్ ఫిల్టర్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రెక్కను వేలితో మెల్లగా తోయండి. ఇంజను తిరగడం లేదు కాబట్టి ఇంజెక్టర్లు చిమ్మవు. ట్యాంకు వైపు నుంచి పంపు గుయ్‌మనాలి. కాయిల్ వేడెక్కుతుంది కనుక ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి.

గుయ్‌మంటే కరెంటు పని సరిగ్గానే ఉంది, దొంగ గాలి వెతకండి. మీటర్ తర్వాతి రబ్బరు బూటు చిరిగినా, ఆయిల్ పోసే మూత వదులైనా, డిప్‌స్టిక్ సరిగ్గా కూర్చోకపోయినా గాలి పక్కదారిన పోతుంది, రెక్క లేవదు. చాలామంది ఇక్కడే పొరపడి రిలేలు కొనేస్తారు.

చప్పుడే రాకపోతే మీటర్ ప్లగ్ ఊడదీసి, ప్లగ్ వైపు 36, 39 నంబర్ల గూళ్ళను తీగ ముక్కతో కలపండి. ఇప్పుడు పంపు తిరిగితే కాంటాక్టే మురికి. మీటర్ నల్లమూత చుట్టూ ఉన్న సీలెంటును బ్లేడుతో కోసి తెరవండి. స్పిరిట్‌లో తడిపిన గట్టి కాగితాన్ని పాయింట్ల మధ్య లాగండి, ఎమెరీ పేపరు వాడకండి. పక్కనున్న పళ్ళచక్రాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది కదిలితే పెట్రోలు పాళ్ళు మారిపోతాయి. పంపు అప్పటికీ తిరగలేదా? ఆ రెండు గూళ్ళలో ఒకదానికి ఇగ్నిషన్ ఆన్‌లో 12 వోల్టులు రావాలి. వస్తుంటే పంపు రిలే ఉన్న జంట రిలేను, రాకపోతే వైరింగ్‌ను అనుమానించండి.

ప్రశ్న: 1983 మెర్సిడెస్ 280ఈ. ఎండలో అరగంట నడిచాక ఆగిపోతుంది, పావుగంట చల్లబడితే మళ్ళీ అందుకుంటుంది. పంపు ప్లగ్ తీసి చూస్తే మీటరు 12 వోల్టులు చూపిస్తోంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ప్లగ్ తీసి కొలిచిన 12ను నమ్మకండి. ఒక్క పోగు మిగిలిన తీగ కూడా లోడు లేనప్పుడు 12 చూపిస్తుంది. ప్లగ్ పెట్టి, పంపు తిరుగుతుండగా కొలవండి. బ్యాటరీ దగ్గర 12.4 ఉండి పంపు దగ్గర 10.6 వస్తే, దారిలో 1.8 వోల్టులు పోతున్నట్టు. బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్‌కి, పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి విడివిడిగా కొలవండి. ఎటువైపు అర వోల్టు దాటితే అటు వెతకాలి.

మీ మోడల్‌లో మొదటి దొంగలు తూటాల్లాంటి ఆ ఫ్యూజులు. అల్యూమినియం పట్టీ చివర్లు తెల్లగా పూతపడితే కరెంటు సరిగా పోదు. క్లిప్పులు గీకి, అదే ఆంపియర్ల రాగిపట్టీ ఫ్యూజులు వేయండి. తర్వాత పంపు రిలే మూత తీసి భూతద్దంతో చూడండి. లోపలి పిన్ను చుట్టూ ఉంగరంలా సన్నటి బీట కనబడితే టంకం విరిగిందన్నమాట. వేడికి ఆ బీట విడిపోతుంది, చల్లబడ్డాక కలుస్తుంది. పాత టంకం పీల్చేసి కొత్తది పోయించండి. రెండూ బాగున్నాకే పంపు మీద అనుమానం పెట్టుకోండి.

ప్రశ్న: పెట్రోలు పంపు రిలే తీసేసి, ఆ చోట వైరు కలిపి నడపొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పరీక్షకు ఒకట్రెండు నిమిషాలు, ఆ వైరులో ఫ్యూజ్ పెట్టి కలపొచ్చు. రోడ్డెక్కించొద్దు. గుద్దుకుని ఇంజను ఆగినా పంపు ఆగదు. తెగిన గొట్టంలోంచి పెట్రోలు వేడి ఇంజను మీద పడుతూనే ఉంటుంది.