కరెంటు పోతే వాడికి పండగ
(పాఠకుల సంగీత సందేహాలకు ఓ పియానో టీచరు జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట వాడే అడిగితే కీబోర్డు క్లాసులో చేర్పించాం. మొదట్లో బాగా ఇష్టపడ్డాడు. కిందటేడు ఒకటో గ్రేడ్ పరీక్ష పాసయ్యాడు. రెండో గ్రేడ్ కోసం ఎనిమిది నెలలుగా అవే మూడు పీసులు వాయిస్తున్నాడు. ఇప్పుడు కూర్చోమంటే ఏడుపు. కరెంటు పోతే పండగ. ఇంట్లో ఉన్నది 61 మెట్ల కీబోర్డు. అసలు పియానో కొనకపోవడం వల్లే వాడికి ఆసక్తి పోయిందని మావారు అంటున్నారు. మాన్పించేస్తే ఏ పనైనా మధ్యలో వదిలేయడం అలవాటైపోతుందేమోనని నాకు టెన్షన్. నాకేమో సంగీతం ఒక్క ముక్క రాదు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, క్లాసు మాన్పించకండి. పరీక్ష మాత్రం ఈ ఏడాదికి మాన్పించండి. కట్టిన ఫీజు పోతే పోనివ్వండి.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్ లాలాగూడలో. నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. 1978లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, స్కూల్లో పియానో క్లాసుకి నా పేరు రాయించారు. అక్కడి టీచరు నా చేతి మీద పది పైసల బిళ్ల పెట్టేవారు, అప్పటి వంకీల అంచు బిళ్ల. వేళ్లు కదలాలి, బిళ్ల పడకూడదు. పడితే వేళ్ల మీద స్కేలు దెబ్బ. ఏడాది తిరిగేసరికి ఆ గది తలుపు చూస్తేనే నాకు కడుపులో నొప్పి వచ్చేది. అది దొంగ నొప్పి కాదు. మీవాడి ఏడుపు కూడా దొంగ ఏడుపు కాదని నా నమ్మకం.

మా ఇంట్లో పియానో లేదు, కొనే స్తోమతా లేదు. నాన్న ఒకరోజు స్కూలుకొచ్చి, టేపుతో మెట్లు కొలుచుకుని వెళ్లారు. తెల్లమెట్టు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. రెండడుగుల పైచిలుకు చెక్కపలక మీద నాలుగు స్థాయిల మెట్లు గీసి, నల్లమెట్లకి రంగు వేసి తెచ్చారు. రెండేళ్లు నేను ఆ పలక మీదే సాధన చేశాను. వేళ్లు ఆడేవి, శబ్దం రాదు. నాన్న ఎదురుగా కూర్చుని వింటున్నట్టే తల ఊపేవారు.

తర్వాత నన్ను ఆ క్లాసు మాన్పించి, మెట్టుగూడలో ఒక ఆంగ్లో ఇండియన్ మిస్ దగ్గరికి పంపారు. ఆవిడ పద్ధతి వేరు. మొదటి పది నిమిషాలు ఆవిడ వంటింట్లో ఉండేవారు. ఆ పది నిమిషాలూ నా ఇష్టం. పుస్తకం తెరవక్కర్లేదు. తెల్లమెట్ల మీద తప్పు నొక్కితే చెవికి తెలిసిపోయేది. నల్లమెట్ల మీద ఏది నొక్కినా వినసొంపుగానే ఉంటుందని కొన్నాళ్లకి కనిపెట్టాను. రోజూ వాటి మీదే తిరిగేదాన్ని.

ఒక సాయంత్రం వాన పడుతుంటే అమ్మ గొడుగు తీసుకుని నాకోసం వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. అమ్మ వచ్చింది గమనించకుండానే నేను వాయించుకుంటున్నాను. “ఇది మోహన రాగం కదే!” అంది వెనకనుంచి. అమ్మ పెళ్లికి ముందు నాలుగేళ్లు సంగీతం నేర్చుకుందట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, నా పక్కకొచ్చి “వరవీణా మృదుపాణి” గీతం అందుకుంది. మిస్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ఆవిడకి బజారు బేరాలకి సరిపడా తెలుగే వచ్చు. అమ్మకి ఇంగ్లీషు రాదు. మళ్లీ పాడమని చేత్తో సైగ చేసి, నా ఎడమపక్కన కూర్చుని, కింది స్థాయిలో మెల్లగా రెండు మూడు స్వరాలు కలిపి వాయించడం మొదలుపెట్టారు. నేను కుడిచేత్తో అమ్మ గొంతు వెనకాల వెళ్లాను. సగం స్వరాలు తప్పాయి. ఎవరూ ఆపలేదు. వాన తగ్గినా మేం కదల్లేదు.

ఆ తర్వాత నుంచి క్లాసు రోజు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకున్నాను. నలభై ఏళ్లు దాటినా ఆ లెక్క ఆగలేదు.

ఇది మీ ఇంట్లో ఈరోజే చేసి చూడండి, 61 మెట్ల కీబోర్డు చాలు. నల్లమెట్లు మూడేసి, రెండేసి గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిది స, రెండోది రి, మూడోది గ. కుడిపక్క రెండింటి గుంపు ప, ద. ఆ తర్వాతి మూడింటి గుంపులో మొదటిది పై స. అదే మోహనం. ‘గగ పా పా, దప సా సా’ అని నొక్కితే అమ్మ పాడిన గీతం ఎత్తుగడ వస్తుంది. ఇప్పుడు అవే ఐదు మెట్లు ఉంచి, మూడింటి గుంపులో రెండోదాన్ని స అనుకుని మొదలుపెట్టమనండి, మధ్యమావతి అవుతుంది. మూడోదాన్ని స అనుకుంటే హిందోళం. రెండింటి గుంపులో మొదటిదాన్ని స అనుకుంటే శుద్ధ సావేరి, రెండోదాన్ని అనుకుంటే శుద్ధ ధన్యాసి. మెట్లు మారలేదు, స మాత్రం చోటు మారింది. దీన్నే గ్రహభేదం అంటారు. తొమ్మిదేళ్ల పిల్లలకి ఇది చూపించినప్పుడు వాళ్ల మొహాలు ఎలా మారతాయో నేను ఎన్నోసార్లు చూశాను.

మీకు సంగీతం రాదన్నారు. మంగళహారతి వచ్చు కదా, వాణ్ని ఊపిన లాలిపాట వచ్చు కదా. అది పాడి, మెట్ల మీద వెతకమనండి. మీరు పక్కన కూర్చోండి, ఫోన్ వేరే గదిలో పెట్టి. “తప్పు” అన్న మాట మాత్రం అనకండి. రోజుకి పది నిమిషాలు, ఒక నెల.

పరీక్షలకి నేను వ్యతిరేకిని కాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లూ రాస్తారు. కానీ ఏడాదిలో పిల్లలు ఇరవై ముప్ఫై చిన్న పీసులు వాయించాలి, అందులో బాగా వచ్చిన మూడు పరీక్షకి తీసుకెళ్లాలి. మీవాడికి ఆ మూడే చదువంతా అయిపోయాయి. ఎనిమిది నెలలు రోజూ ఒకే కూర పెడితే మనమైనా తినం. టీచరు గారితో మాట్లాడి కొత్తవి అడగండి. జర్మన్ స్వరకర్త షూమన్ 1848లో పిల్లల కోసం చిన్న చిన్న పీసుల పుస్తకం ఒకటి రాశారు. వాటిలో మొదటివి పెద్ద కూతురి ఏడో పుట్టినరోజుకి రాసిచ్చినవి. అందులో తేలికైనవి మీవాడికి ఇప్పుడే అందుతాయి.

మీవారి మాటలోనూ కొంత నిజం ఉంది. పియానోలో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగని కొడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో క్రిస్టోఫోరి అనే వాద్యాల తయారీదారు దీన్ని తయారుచేసింది ఆ తేడా కోసమే. ఇటాలియన్ భాషలో ‘పియానో’ అంటే మెల్లగా, ‘ఫోర్టే’ అంటే గట్టిగా. చౌక కీబోర్డు కొన్నిటిలో ఎలా నొక్కినా ఒకటే శబ్దం. పిల్లవాడు కోపంగా నొక్కినా ప్రేమగా నొక్కినా అది ఒకేలా పలికితే వాడికి విసుగు రాదా? మీ కీబోర్డులో ఆ తేడా తెలుస్తుందో లేదో ముందు చూడండి. తెలియకపోతే, 88 మెట్లూ అసలు పియానోలో లాగే నొక్కడానికి బరువుగా ఉండే డిజిటల్ పియానో, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, కొనండి. పాత చెక్క పియానో జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. అందులో దాదాపు 230 తీగలుంటాయి. మీ వైపు ఉక్కకీ తేమకీ చెక్క ఉబ్బి శ్రుతి జారుతుంది, ట్యూనర్‌ని ఎక్కడినుంచో పిలిపించాలి.

ప్రశ్న: మా పాప రెండేళ్లుగా కర్ణాటక సంగీతం పాడుతోంది. ఇప్పుడు పియానో కావాలంటోంది. రెండూ కలిస్తే శ్రుతి పాడవుతుందని బంధువులు భయపెడుతున్నారు.
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: భయపడకండి. పియానో మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, కుదరదు, ఆ మాట నిజం. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏమీ లేదు కాబట్టి తోడి రాగంలో ఊగుతూ పలికే గాంధారం (గ) అక్కడ దొరకదు. అందుకే పాట సాధన చేసేటప్పుడు తంబుర శ్రుతే పెట్టండి, పియానోని ఆధారం చేసుకోవద్దు. పియానో పాఠం వేరే పూట పెట్టుకోండి. ఇక కలపడం అంటారా, ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకి సంస్కృత సాహిత్యం రాసి నొట్టుస్వరాలు చేశారు. ‘శ్యామలే మీనాక్షి’ పాపకి వచ్చే ఉంటుంది. పిల్లలు బడిలో పాడే ‘ట్వింకిల్ ట్వింకిల్’ బాణీ అదే. ఆ బాణీ మీదే మోజార్ట్ పియానోకి పన్నెండు వేరియేషన్లు, అంటే అదే బాణీని రకరకాలుగా మార్చి వాయించేవి, రాశారు. పాపని పాడమని, ఒక్క వేలితో ఆ బాణీ మెట్ల మీద పట్టుకోమనండి. మొదటి పాఠం అదే పెట్టమని టీచరు గారికి నా మాటగా చెప్పండి.