ఇంటర్వ్యూలో తమ్ముడి సంగతి చెప్పవచ్చా?

తమ్ముడి కుంగుబాటును దగ్గరగా చూసి మానసిక ఆరోగ్య నర్సింగ్ ఎంచుకున్నానని ఇంటర్వ్యూలో చెప్పవచ్చా అని అడిగారు. తప్పకుండా చెప్పండి. జబ్బు వివరాలు మాత్రం వద్దు, అవి అతని సొంతం. అతను గోడవైపు తిరిగి పడుకుంటే గంటల తరబడి మాట్లాడకుండా పక్కన కూర్చున్నానని రాశారు. నాకు మనసు కదిలింది. ఆ ఒక్కటీ చెప్పండి, దానివల్ల ఏం నేర్చుకున్నారో చెప్పండి. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే బంధమే ఈ వృత్తికి ప్రాణమని అమెరికన్ నర్సు, అధ్యాపకురాలు హిల్డెగార్డ్ పెప్లౌ 1952లోనే వివరించారు.

కోపంతో అరిచే రోగితో ఎలా వ్యవహరిస్తారనీ ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడగవచ్చు. గొంతు తగ్గించడం, కాస్త దూరంగా నిలబడటం, తలుపుకు అడ్డం రాకపోవడం, తోటివారిని పిలవడం ముందు చేయాల్సినవి. పట్టి ఆపడం ఆఖరి మార్గమే.

చాలామంది తడబడేది మరోచోట. చనిపోవాలనుకుంటున్నారేమోనని అనుమానం వస్తే సూటిగానే అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఎవరికీ చెప్పవద్దని రోగి బతిమాలినా, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు; చికిత్స బృందానికి చెప్పాల్సిందే.

వెళ్లేముందు తమ్ముడిని ఒక్కమాట అడగండి, తన గురించి ప్రస్తావించడం అతనికి సమ్మతమేనా అని.