సర్వర్ ఎవరిదో ముందు చూడు బిడ్డా

హనుమకొండ

చిరంజీవి బాబుకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఎనుమాముల మార్కెట్ దగ్గర మీ అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణంలో ఉన్న ఏడు కంప్యూటర్లకూ ఓపెన్ సోర్స్ మెసెంజర్ (తయారీ కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సందేశాల ప్రోగ్రామ్) ఒకటి పెట్టాలనుకుంటున్నానని, ఏది మంచిదో చెప్పమని రాశావు. గుమాస్తాలు జెండా పాట (వేలం) ధరలు, కాంటా బరువులు, తక్‌పట్టీల (అమ్మకపు రసీదుల) ఫోటోలు అన్నీ సొంత ఫోన్లలోనే పంపుకుంటున్నారట. పోయిన సీజన్‌లో ఒకతను పని మానేస్తే రెండు నెలల లెక్కల సమాచారం అతని ఫోనుతోనే వెళ్లిపోయిందట. అది చదివి నాకు నా పాత ల్యాబ్ గుర్తొచ్చింది.

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశానని నీకు తెలుసు. అప్పట్లో సిబ్బంది అందరం ఒక ఉచిత చాట్ సేవ వాడేవాళ్లం. ఏ యంత్రానికి ఏ భాగం మార్చాం, ఏ లోపం ఎలా సరిచేశాం అన్నదంతా అందులోనే ఉండేది. ఒకరోజు ఆ సేవను మూసేస్తున్నామని ప్రకటించారు. గడువులోగా పాత సందేశాలను దించుకోవాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. తర్వాత ఒక ప్రింటర్ మొరాయిస్తే, ఎప్పుడో మేమే కనుక్కున్న పరిష్కారం కోసం మళ్లీ రెండు రోజులు వెతికాం. ఆ బాధ నీకు రాకూడదు. అందుకని ప్రోగ్రామ్ పేరు తర్వాత చెబుతాను. నీ సందేశం ఎవరి సర్వర్ గుండా, అంటే సందేశాలను అందుకుని చేరవేసే ఎవరి కంప్యూటర్ గుండా వెళుతోంది, అక్కడి తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్నది ముందు చూడు.

పిడ్జిన్ అనే మెసెంజర్ గురించి అడిగావు. 1998లో గైమ్ అనే పేరుతో మొదలైంది. ఏఓఎల్ కంపెనీ పేరు మీద అభ్యంతరం చెప్పడంతో 2007లో పిడ్జిన్ అయింది. ఒకే కిటికీలో యాహూ, ఎంఎస్‌ఎన్, ఏఐఎం, ఐసీక్యూ, గూగుల్ టాక్ అన్నీ కనిపించేవి కాబట్టి మా ల్యాబ్ పిల్లలకు అదంటే ప్రాణం. ఇప్పుడు వాటిలో ఏది మిగిలిందో చూడు. ఎంఎస్‌ఎన్ మెసెంజర్ చాలా దేశాల్లో 2013లోనే ఆగిపోయింది. ఏఐఎం 2017 డిసెంబరులో, యాహూ మెసెంజర్ 2018 జూలైలో, ఐసీక్యూ 2024 జూన్‌లో మూతపడ్డాయి. పిడ్జిన్ సోర్స్ కోడ్ మాత్రం పదిలంగా ఉంది, ఈ రోజుకూ ఎవరైనా దించుకోవచ్చు. కిటికీ ఉంది, అవతల మాట్లాడే మనిషే లేడు. మన దగ్గరున్న ప్రోగ్రామ్ ఒక్కటీ ఓపెన్ సోర్స్ అయితే చాలదని నేను నేర్చుకున్నది అక్కడే.

అదే కాలంలో, 1999లో, జాబర్ అనే సందేశాల పద్ధతి ఒకటి వచ్చింది. తర్వాత దానికి ఎక్స్‌ఎంపీపీ అనే పేరు స్థిరపడింది, 2004లో ఇంటర్నెట్ ప్రమాణంగా ప్రకటించారు. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఈమెయిల్ లాగే ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు, ఒక సర్వర్‌లోని మనిషి మరో సర్వర్‌లోని మనిషితో మాట్లాడవచ్చు. గూగుల్ టాక్ కూడా 2005లో దీని మీదే మొదలై, తర్వాత దారి మార్చుకుంది. గూగుల్ పక్కకు తప్పుకున్నా ఎక్స్‌ఎంపీపీ ఆగలేదు. నీ దుకాణానికి ఇదే పెట్టు.

మీ తమ్ముడు టెలిగ్రామ్ అంటున్నాడని రాశావు. దాని డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ కోడ్ బయటే ఉంది, నిజమే. సర్వర్ కోడ్ మాత్రం బయటపెట్టలేదు, పైగా మామూలు సంభాషణలకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మధ్యలో ఎవరూ చదవలేని గుప్తలేఖనం ఉండదు. సిగ్నల్ గోప్యతలో మేలైనదే, నేను ఇంట్లో వాడుతున్నాను. కానీ ఖాతా ఫోను నంబరుకు ముడిపడి ఉంటుంది, అంటే మళ్లీ గుమాస్తా ఫోను దగ్గరికే వస్తావు. మ్యాట్రిక్స్ అనే మరో సందేశాల పద్ధతి మీద నడిచే ఎలిమెంట్ చూడటానికి బాగుంటుంది, సర్వర్ కూడా మనమే పెట్టుకోవచ్చు. అయితే దాని సినాప్స్ సర్వర్ కాస్త బరువు, ఏడుగురి కోసం అంత అక్కర్లేదు.

ఇక పని విషయం. మూలన పడేసిన పాత కంప్యూటర్ మీద డెబియన్ లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ప్రోసోడీ అనే ఎక్స్‌ఎంపీపీ సర్వర్ ప్రోగ్రామ్ పెట్టు. చాలా తేలికైనది. రౌటర్‌లో ఆ యంత్రానికి చిరునామా మారకుండా కట్టేయి, లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అందరూ నీకే ఫోన్ చేస్తారు. యూపీఎస్ తప్పనిసరి, రౌటర్‌కు కూడా. విండోస్ ఉన్న బల్లల మీద గజిమ్ అనే ఎక్స్‌ఎంపీపీ మెసెంజర్ వేయి. లినక్స్ ఉన్నచోట డినో కూడా హాయిగా ఉంటుంది. ధరలకు ఒక గది (అందరూ కలిసి రాసుకునే చోటు), కాంటాకు ఒకటి, గోదాముకు ఒకటి పెట్టు. అంతకన్నా ఎక్కువ గదులు పెడితే ఏది ఎక్కడ రాయాలో తెలియక అంతా ఒకేచోట పోగేస్తారు.

ఒక్క సంగతి మరీ మరీ చెబుతున్నాను. ప్రోసోడీ పాత సందేశాలను దాచే ఏర్పాటులో గడువు మామూలుగా ఒక వారమే ఉంటుంది. వారం దాటితే చెరిపేస్తుంది. వ్యక్తిగత సంభాషణలకూ గదులకూ ఈ గడువును వేర్వేరుగా పెట్టాలి, రెండూ మార్చు. ఒకటి మార్చి రెండోది మరిచిపోతే మిర్చి సీజన్ మధ్యలో తెలుస్తుంది. రోజూ రాత్రి ఆ సమాచారం ఇంకో డిస్క్‌లోకి నకలు కావాలి. ఆ డిస్క్ దుకాణంలో ఉండకూడదు, ఇంటికి తీసుకెళ్లు.

గుప్తలేఖనం మాటకొస్తే, గజిమ్, డినో రెండింటిలోనూ ఓమెమో అనే గుప్తలేఖన పద్ధతి ఉంది. అది వాడితే సర్వర్ నడిపే నువ్వు కూడా సందేశం చదవలేవు. మీ నాన్నతో బ్యాంకు విషయాలు మాట్లాడటానికి అది పెట్టుకో, ఒకరి తెర మీద కనబడే ‘వేలిముద్ర’ సంకేతాన్ని (అక్షరాలు, అంకెల వరుస) మరొకరు ఎదురెదురుగా సరిచూసుకోండి. ధరల గదికి మాత్రం పెట్టవద్దు. తర్వాత చేర్చిన కంప్యూటర్‌లో ఓమెమో పాత సందేశాలు తెరుచుకోవు, నీకేమో కొత్త గుమాస్తాకు పాత లెక్కలు కనబడాలి. సర్వర్ మన దుకాణంలోనే ఉంది, దారిలో టీఎల్‌ఎస్ అనే గుప్తలేఖన రక్షణ ఉంటుంది, దుకాణం పనికి అది సరిపోతుంది.

ప్లగిన్ల (ప్రోగ్రామ్‌కు అదనంగా తగిలించే ముక్కల) జోలికి ఊరికే పోవద్దు. 2024లో పిడ్జిన్ వాళ్ల బయటి ప్లగిన్ల జాబితాలోకే తెర పంచుకునే ప్లగిన్ పేరుతో ఒక దొంగ వచ్చి చేరింది. కీబోర్డు మీద ఏం కొడుతున్నామో దొంగిలించేది. దానికి సోర్స్ కోడ్ ఇవ్వలేదని, నేరుగా నడిచే ఫైలు మాత్రమే ఇచ్చారని ముందు ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత పిడ్జిన్ బృందమే ఆ సంగతి ఒప్పుకుని, ఓపెన్ సోర్స్ లైసెన్స్ లేని ప్లగిన్లను జాబితాలో పెట్టబోమని నియమం పెట్టింది. పిడ్జిన్‌లో పాస్‌వర్డ్‌ను గుర్తుపెట్టుకోమంటే అది మామూలు అక్షరాల్లోనే ఫైలులో ఉంటుందని కూడా తెలుసుకో. నలుగురు కూర్చునే బల్ల మీద అది మంచిది కాదు.

సందేశాలు తెలుగులోనే రాయమని చెప్పు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పత్తి, పట్టీ రెండూ ఒకేలా కనిపిస్తాయి. లెక్కల దగ్గర అది చిన్న విషయం కాదు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉండనే ఉంది, వారం రోజులు ఓపిక పడితే వేళ్లకు అలవాటవుతుంది. మీ పెద్ద గుమాస్తాను ముందు కూర్చోబెట్టి నేర్పించు. ఆయన వాడితే మిగతావాళ్లు వాడతారు, ఆయన ఫోనే చాలంటే నీ సర్వర్ ఖాళీగా తిరుగుతుంది.

మార్కెట్ సెలవు రోజు చూసి కబురు పెట్టు, పొద్దున్నే వస్తాను. ఆ పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, దాని డిస్క్‌లో ఇంకా పనికొచ్చేదేమైనా ఉంటే తీసి పెట్టు. డెబియన్ వేసేటప్పుడు అదంతా చెరిపేస్తాను. ఎవరెవరికి ఖాతాలు కావాలో పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి ఉంచు. మానేసినవాళ్ల ఖాతాలు ఆ రోజే తీసేసే బాధ్యత ఎవరిదో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

నీ పెద్దమ్మ