మెనూ సరే, పెద్దకోడలి మాటేమిటి?

ఉత్తరం: మాకు ఇద్దరు కొడుకులు. పదకొండేళ్లుగా మా ఇంట్లో క్రిస్మస్ భోజనం పెద్దకోడలి చేతి మీదుగానే జరుగుతోంది. ఈ ఏడు చిన్నవాడి పెళ్లయింది. చిన్నకోడలు పుట్టినప్పటి నుంచీ శాకాహారి. పాపం, కొత్తకోడలికి మొదటి క్రిస్మస్ కదా అని ఈసారి భోజనం మొత్తం శాకాహారమేనని అందరి ముందూ చెప్పేశాను. ఆ రోజు నుంచి పెద్దకోడలు ముభావంగా ఉంటోంది. వంట ఎలాగూ తనే చేస్తుంది, తనకి అలవాటే. పదిమందికి, మాంసం లేని లోటు తెలియకుండా ఏం పెట్టమంటారు? గ్రేవీ ఒక్కటీ చికెన్ స్టాక్‌తో (కోడి ఎముకలు మరిగించిన నీళ్లతో) చేస్తే రుచి వస్తుంది. చిన్నకోడలికి తెలిసిపోతుందా?

జవాబు: చివరి ప్రశ్నకి ముందు చెబుతాను. ఆ పని చేయకండి. తెలుస్తుందా తెలియదా అని లెక్కలు వేసుకోవాల్సిన విషయం కాదిది. అయినా చెబుతున్నాను, తెలుస్తుంది. కలిపేది పెద్దకోడలు, చూసేది పిల్లలు. ఇలాంటి గుట్టు ఆర్నెల్లు కూడా ఆగదు. ఆ తర్వాత మీరిచ్చిన మంచినీళ్లు కూడా ఆ పిల్ల అనుమానంగానే తాగుతుంది.

ఇక ఏం పెట్టాలన్నది. అదేమంత చిక్కు ప్రశ్న కాదు, కొలతలతో సహా కింద రాస్తాను. ఒక్కపూట మాంసం లేనంత మాత్రాన మీ ఇంట్లో ఎవరూ చిక్కిపోరు. బల్ల మీద మాంసం కూర ఒకటి ఉన్నా చిన్నకోడలు లేచి వెళ్లిపోదు, మీ ఇంటి తిండి సంగతి తెలిసే వచ్చింది. అసలు చిక్కు పెద్దకోడలి దగ్గరుంది. దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు.

పదకొండేళ్లు ఆ భోజనం ఆమెది. ఓవెన్‌లో ఏ అర ఎక్కువ మాడుస్తుందో, ఎవరికి ఉప్పు తగ్గించాలో ఆమెకే తెలుసు. ఆమెని ఒక్క మాట అడక్కుండా దాన్ని మార్చేశారు. మార్చి, చేసే భారం మాత్రం మళ్లీ ఆమె నెత్తినే పెట్టారు. ఇన్నేళ్లలో ‘నీకేం తినాలనుంది’ అని ఎప్పుడైనా అడిగారా? ఆమె కొత్తకోడలుగా ఉన్నప్పుడు మొదటి క్రిస్మస్ భోజనం ఎవరి ఇష్టప్రకారం జరిగింది? చిన్నకోడలి కోసం మెనూ మొత్తం తిరగరాసిన అత్తగారిని చూస్తే ఆమె మనసు చివుక్కుమనదా? ఆమె అలక మాంసం కోసమని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు.

‘పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి’ అనే మాట ఇప్పటికే మీ నాలుక చివర ఉండి ఉంటుంది. దాన్ని అక్కడే ఆపండి. సర్దుకోవడం ఇంట్లో ఒక్కరికే అప్పజెప్పిన పని అయినప్పుడు దానికి ఓర్పు అని పేరు పెట్టి మెచ్చుకోవడం నాకు నచ్చదు.

రేపే ఆమె దగ్గరికి వెళ్లండి. ‘నిన్ను అడక్కుండా చెప్పేశాను, తప్పు నాదే’ అనండి. పెద్దబ్బాయితో కబురు పంపడాలు వద్దు, ఆ మాట వెనక ‘కానీ’ తగిలించడాలు వద్దు. తర్వాత, మాంసం ఒకటి ఉండాలా వద్దా అన్నది ఆమెనే తేల్చమనండి. ఉండాలంటే ఉండనివ్వండి. కాకపోతే శాకాహారం ముందు వండి మూతపెట్టాలి, మాంసానికి ట్రే, గరిట, కత్తిపీట వేరుగా ఉండాలి. మాంసం కొవ్వులో బంగాళాదుంపలు వేయించే అలవాటుంటే ఈసారికి నూనెలో వేయించాలి. వడ్డించేటప్పుడు గరిటెలు తారుమారు కాకుండా మాంసాన్ని బల్లకి ఒక చివర పెట్టండి.

చిన్నకోడలితో మాట్లాడాల్సింది కూడా ఉంది. శాకాహారమంటే ఇంటికో లెక్క. గుడ్డు తింటుందా? పుట్టగొడుగులు? వెల్లుల్లి? చీజ్? కొడుకుని మధ్యవర్తిగా పెట్టకుండా ఆమెనే అడగండి. ‘తింటుందిలే అమ్మా’ అనేసి చేతులు దులుపుకోవడం కొడుకులకి బాగా తెలిసిన విద్య. కొనేముందు పొట్లాల మీద రాసింది చదవాలి. జెల్లీల్లోనూ మార్ష్‌మెలోల్లోనూ జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. వూస్టర్ సాస్‌లో మామూలుగా ఆంకోవీ చేపలుంటాయి. అసలైన పార్మెజాన్ చీజ్ కోసం పాలని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. పాత పద్ధతి క్రిస్మస్ పుడ్డింగ్‌లో వేసే సూయెట్ పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు. దాని బదులు చల్లటి గట్టి వెన్న తురిమి వేసుకోవచ్చు. అలాగే వచ్చేవాళ్లలో ఎవరికైనా జీడిపప్పు, బాదం లాంటి గింజలు పడవేమో, ముఖ్యంగా పిల్లలకి, ముందే కనుక్కోండి. ఎందుకంటే నేను చెప్పబోయేది నట్ రోస్ట్, అంటే ఆ గింజల్ని పుట్టగొడుగులతో కలిపి అచ్చులో రొట్టెలా కాల్చేది.

పండగ బల్ల మధ్యలో కోసి పంచడానికి ఏదో ఒకటి ఉండాలి. పది రకాల కూరలు చేసినా ఆ ఒక్కటి లేకపోతే ‘ఏదో తక్కువైంది’ అంటారు. నట్ రోస్ట్ ఆ లోటు తీరుస్తుంది. పదిమందికి రెండు అచ్చులు చేయాలి, రొట్టె కాల్చే పొడవాటి అచ్చులు, ఒక్కోటి 900 గ్రాములది. ఒక అచ్చుకి జీడిపప్పు, అక్రోట్లు, బాదం కలిపి 250 గ్రాములు, పుట్టగొడుగులు 250 గ్రాములు, ఉల్లిపాయ 200 గ్రాములు, తురిమిన క్యారెట్ 100 గ్రాములు, బ్రెడ్ పొడి 100 గ్రాములు, వెల్లుల్లి మూడు రెబ్బలు, సోయా సాస్ ఒక టేబుల్‌స్పూన్, థైమ్ ఒక టీస్పూన్, ఉప్పు, మిరియాలు, గుడ్లు రెండు. గుడ్డు తిననంటే ఒక్కో గుడ్డు బదులు అవిసె గింజల పొడి ఒక టేబుల్‌స్పూన్‌ని మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచితే జిగురుగా అవుతుంది. అది సరిపోతుంది, కాకపోతే ముక్క కాస్త మెత్తగా వస్తుంది.

ఇది చెడిపోయేది మూడు చోట్ల. మొదటిది పుట్టగొడుగుల నీరు. వెడల్పాటి పెనం మీద పెద్ద మంట పెట్టి, ఊరిన నీరంతా ఇగిరి పెనం చిటపటలాడేదాకా వేయించాలి, పది పన్నెండు నిమిషాలు. రెండు అచ్చులవీ ఒకేసారి పెనంలో కుమ్మరిస్తే అవి వేగవు, ఉడుకుతాయి. ఆ తడి లోపలే ఉండిపోయి రోస్ట్ ముద్దలా తయారవుతుంది. రెండోది గింజలు. ముందు 180 డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు వేయించి, సగం బరకగా పొడి చేసి, మిగతా సగం బఠాణీ గింజంత ముక్కలుగా కొట్టాలి. అంతా మిక్సీలో తిప్పేస్తే నూనె కక్కి గట్టి దిమ్మలా అవుతుంది. మూడోది తొందర. ఓవెన్‌లోంచి తీసిన వెంటనే అచ్చు బోర్లిస్తే విరిగిపోతుంది. కనీసం పావుగంట ఆగాలి. అచ్చులో బేకింగ్ కాగితం అంచులు పైకి వచ్చేలా పరిస్తే బోర్లించే పనే లేదు, పట్టుకుని లేపేయొచ్చు.

ఉల్లి, వెల్లుల్లి వేయించి, అన్నీ కలిపి, గరిటతో గట్టిగా అదిమి అచ్చులో నింపండి. 180 డిగ్రీల్లో ఫాయిల్ కప్పి 40 నిమిషాలు, ఫాయిల్ తీసేసి మరో 20. ఇదంతా ముందురోజు కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అలా చేస్తే ఓవెన్‌లో పెట్టే గంట ముందు బయటికి తీయండి, లేకపోతే మధ్యలో చల్లగా మిగులుతుంది.

మాంసం లేని లోటు అని మీరన్నది చాలావరకు గ్రేవీలో లోటే. చికెన్ స్టాక్ ఇచ్చే ఆ నిండు రుచి ఎండు పుట్టగొడుగులు, సోయా సాస్, టమాటా కలిస్తే వస్తుంది. ఎండు పుట్టగొడుగుల్లో ఉండే గ్వానిలేట్, సోయాలో టమాటాలో ఉండే గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థాలు ఒకదాన్నొకటి హెచ్చిస్తాయి, విడివిడిగా వేస్తే అంత బలం రాదు. పదిమందికి లీటరున్నర చేసుకోండి, మిగిలినా ఫర్వాలేదు కానీ తక్కువైతే గొడవ. 30 గ్రాముల ఎండు పుట్టగొడుగుల్ని అరలీటరు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీటిని బట్టలో వడకట్టండి, అడుగున ఇసుక ఉంటుంది. మూడు ఉల్లిపాయలు సన్నమంట మీద అరగంట వేగి ముదురు గోధుమ రంగుకి రావాలి. దీన్ని పదినిమిషాల్లో కానిచ్చేద్దామని మంట పెంచితే చేదెక్కుతుంది. మైదా నాలుగు టేబుల్‌స్పూన్లు వేసి పచ్చివాసన పోయాక టమాటా పేస్ట్ ఒక టేబుల్‌స్పూన్, సోయా సాస్ రెండు, పుట్టగొడుగుల నీరు, లీటరు కూరగాయల స్టాక్ కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. ఇరవై నిమిషాలు మరగనిచ్చి వడకట్టండి. ఉప్పు చివర్లోనే, సోయా సాస్‌లో ఇప్పటికే బోలెడుంది.

బంగాళాదుంపలు రెండు కిలోలు. పెద్ద ముక్కలు కోసి ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉడికించి వంపేశాక, ఐదు నిమిషాలు ఆవిరి పోనిచ్చి, గిన్నెని కుదిపితే అంచులు గరుకవుతాయి. కరకరలాడేది ఆ గరుకే. నూనె ట్రేలో బాగా కాగాక వేసి 220 డిగ్రీల్లో 50 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. ముక్కలు ఒకదాన్నొకటి తాకేలా కిక్కిరిస్తే మెత్తబడతాయి, కాబట్టి రెండు ట్రేలు. ఎర్ర క్యాబేజీ, ఆపిల్ ముక్కలు, కాస్త వెనిగర్, చక్కెర వేసి ముందురోజే మగ్గించి పెట్టుకుంటే పండగ రోజు వేడి చేయడమే. వెనిగర్ మరిచిపోతే క్యాబేజీ నీలంగా తిరుగుతుంది. బీన్స్, క్యారెట్ల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉన్నది ఒకే ఓవెన్ అనుకుంటాను. ఒంటిగంటకి భోజనమైతే నట్ రోస్ట్ పదకొండుకి లోపలికి, పన్నెండుకి బయటికి. అచ్చులోనే ఫాయిల్ కప్పి, పైన మందపాటి తువ్వాలు వేసి ఉంచితే చల్లారదు. ఆలోగా వేడి 220కి పెంచి పన్నెండూ ఐదుకి దుంపలు పెట్టాలి. ఫ్యాన్ ఓవెన్ అయితే రెండింటికీ 20 డిగ్రీలు తగ్గించండి.

ఈ వేళల్ని చదివి పెద్దకోడలికి అప్పజెబుతారని నా భయం. వద్దు. గ్రేవీ, నట్ రోస్ట్ చిన్నకోడలు చేయాలి, తను తినేది ఎలా ఉండాలో తనకే తెలుసు, వంటింట్లో తోడికోడలి పక్కన నిలబడితేనే ఇద్దరికీ పరిచయం పెరుగుతుంది. ఆమెని అతిథిలా సోఫాలో కూర్చోబెట్టి మీరు మురిసిపోతే పెద్దకోడలికి ఆమె ఎప్పటికీ చెల్లెలు కాదు. పండగకి పది రోజుల ముందు ఒక్క అచ్చు చేసి చూడండి. ఉప్పు చూసేది, ‘ఇది బాగుంది, ఇది మార్చాలి’ అని తేల్చేది పెద్దకోడలు. రెండు కిలోల దుంపల తొక్క తీయడం మీ వారిది, అందులో అరగంట కంటే ఎక్కువ పనేం లేదు.

ఈసారి పెద్దకోడలు అందరితోపాటు కూర్చోవాలి. వడ్డించే పనే లేకుండా గిన్నెలన్నీ బల్ల మీదే పెట్టేయండి, ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు. గ్రేవీని రెండు గిన్నెల్లో పోసి రెండు చివర్లా ఉంచితే ‘వదినా, అటు నుంచి అందించు’ అనే కేకలు తగ్గుతాయి.

తర్వాత గిన్నెలు తోమడం మీ ఇద్దరు కొడుకులది. ఆ మాట ముందురోజే చెప్పండి. తిన్నాక చెబితే ఇద్దరూ నిద్రలో ఉంటారు.